సిరామిక్ బ్లేడుతో గడ్డం గీసుకోవాలంటే

విశాఖ పెదవాల్తేరులో మాది సెలూన్. ఉప్పు గాలికి స్టీలు బ్లేడు తుప్పు పడుతోంది, సిరామిక్‌కి మారొచ్చా అని వచ్చినవాళ్లు అడుగుతుంటారు. ఇంట్లో వాడుకోవడానికైతే మారొచ్చు. షాపులో మాత్రం మనిషి మనిషికీ బ్లేడు మార్చాల్సిందే కాబట్టి నేను స్టీలే వాడతాను.

సిరామిక్ బ్లేడంటే సాధారణంగా జిర్కోనియా అనే పింగాణీ లాంటి పదార్థంతో చేసింది. దాన్ని తీసే జిర్కాన్ ఖనిజం మన భీమిలి ఇసుకలోనూ ఉంది. ఈ బ్లేడు తుప్పు పట్టదు, స్టీలు కంటే గట్టిది, కానీ పెళుసు. ఏమాత్రం వంచినా విరుగుతుంది. అందుకే బ్లేడుని వంచి బిగించే మామూలు రేజరులో పెట్టకండి, దానికోసం చేసిన హోల్డరే కొనండి.

గోరువెచ్చని నీళ్లతో గడ్డం బాగా నాననిచ్చి నురగ పట్టించండి. చర్మం కాస్త లాగి పట్టుకుని, నొక్కకుండా, వెంట్రుక వాలిన వైపే గీయండి. మెలి తిప్పొద్దు. రేజరుని సింకు అంచుకేసి కొట్టే అలవాటుంటే ఇవాళే మానేయండి, కుళాయి కింద కడిగితే చాలు. చెయ్యి జారి గచ్చు మీద పడిందా, అంచులో పెచ్చు లేచి ఉండొచ్చు. దాన్ని ఇక మొహానికి పెట్టకండి. మామూలు సాన రాయి దీనికి పనికిరాదు, వజ్రపు సాన కావాలి.

స్టీలే చాలనుకుంటే కడిగి, విదిలించి, బాత్‌రూం బయట ఆరబెట్టండి.