దసరా పార్శిల్ అమెరికాకు పంపే ముందు

పోయిన నెల తిరుపతిలో మా కొర్లగుంటలో బొటీక్ నడిపే ఒక చెల్లెలు పంపిన ఇరవై లాంగ్ ఫ్రాకులు అమెరికా కస్టమ్స్‌లో ఆగిపోయాయి. ఇన్వాయిస్‌లో ‘లేడీస్ కాటన్ డ్రెస్’ అని ఉంది. తీరా చూస్తే గుడ్డ రేయాన్. తేడా సుంకం, గోడౌన్ అద్దె కలిపి కట్టమనేసరికి అక్కడి కస్టమర్ పార్శిలే వద్దంది. మూడేళ్ల కింద నేనూ ఇలాగే నష్టపోయాను.

తప్పు ఒక్కటే. షాపతను ‘కాటనే అమ్మా’ అన్నాడని మనమూ కాటన్ అని రాసేస్తాం. మిశ్రమ గుడ్డలో ఏ రకం పోగు బరువు ఎక్కువ ఉంటే కస్టమ్స్‌కు అదే లెక్క. నేత గుడ్డతో కుట్టిన కాటన్ డ్రెస్‌కు అమెరికాలో మూల సుంకం 8.4 శాతం, పాలిస్టర్‌కైనా రేయాన్‌కైనా 16. అదే టాప్ అయితే కాటన్‌కు 15.4, మిగతా రెంటికి 26.9. అదనపు సుంకాలు వేరే, అవి మారుతుంటాయి. పంపే రోజు చూసుకోండి. 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. చిన్న పార్శిలే కదా అనుకోవద్దు.

గుడ్డ అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. ముడుచుకుని కరిగి గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వస్తే కాటన్ అని సంబరపడకండి, రేయాన్ కూడా అలాగే కాలుతుంది. ఇంకో పోగు తడిపి లాగండి. తడిసిన చోట ఇట్టే తెగితే రేయాన్. కాటన్ తడిస్తే ఇంకా గట్టిపడుతుంది. అయినా ఇది మన అనుమానం తీరడానికే. నగరిలో కొన్నా గాంధీ రోడ్డులో కొన్నా, ఏ రకం పోగు ఎంత శాతమో బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత గుడ్డ నిట్టా (అల్లికా), నేతా? ఇన్వాయిస్ మీద వేసే కస్టమ్స్ కోడ్ (HS కోడ్) దాన్నిబట్టే మారుతుంది. టీషర్ట్ గుడ్డలా ఉచ్చులు కనబడితే ఆ కోడ్‌లో 61వ అధ్యాయం, పడుగు పేక ఉంటే 62. కోడ్‌లో మొదటి ఆరు అంకెలు దాదాపు అన్ని దేశాల్లోనూ ఒకటే, సుంకం మాత్రం ఎవరిది వారిదే.

‘బ్లౌజ్’ అంటే మనకు చీర మీది జాకెట్, వాళ్లకు మామూలు టాప్. మీరు పంపేది ఈ రెంటిలో ఏదో వివరంగా రాయండి. లైనింగ్ కాదు, బయటి గుడ్డ రాయండి. టాప్, ప్యాంటు, దుపట్టా ఒకే లైన్‌లో కలపొద్దు. అమ్మిన సరుకు మీద గిఫ్ట్ అని రాయొద్దు. ధర తగ్గించి వేయొద్దు. కొరియర్ కుర్రాడికి కోడ్ వదిలేయొద్దు, ఇన్వాయిస్ మీద ఉండేది మీ పేరు. సుంకం ఎవరు కడతారో కస్టమర్‌తో ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి. లేబుల్ మీద ఒకటి, ఇన్వాయిస్‌లో ఇంకొకటి ఉండకూడదు. బిల్లు మీద శాతాలు లేకపోతే కాటన్ అనే మాట రాయకండి. ఎవరు చెప్పినా రాయకండి. పెట్టె కట్టేటప్పుడు కాదు, గుడ్డ తాను కత్తిరించకముందే పోగు లాగి చూడండి.