పాత చెరువు కట్ట బలాన్ని పరిశీలించడం ఎలా?

కడప ప్రాంతంలోని పోరుమామిళ్ల చెరువును మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లపాటు పని జరిగిందని తెలిపే 1369 నాటి అక్కడి శాసనం, మంచి చెరువుకు కావలసిన 12 అంగాలతో పాటు ఉండకూడని 6 దోషాలను కూడా చెప్పింది. ఆ దోషాలలో మొదటిది కట్ట నుంచి నీరు ఊరడం. మట్టికట్టను చూడవలసినవారు నేటికీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ముందుగా, చెరువు నిండుగా ఉన్న రోజుల్లో, పొలాల వైపు కట్ట అడుగు వెంబడి ఈ కొస నుంచి ఆ కొసకు నడవండి. ఎండాకాలంలో మాత్రమే చూస్తే ఊట కనిపించదు. చుట్టుపక్కల నేల పొడిగా ఉండగా ఒకచోట మాత్రమే గడ్డి పచ్చగా పెరిగినా, అడుగు వేస్తే నేల మెత్తగా దిగినా అక్కడ మేకు పాతి గుర్తు పెట్టుకోండి.

తరువాత ఆ ఊటనీటిని గాజు సీసాలో పట్టి చూడండి. నీరు తేటగా ఉంటే, బిందె నిండడానికి ఎంతసేపు పడుతుందో రోజూ రాసుకోండి. చెరువు మట్టం పెరగకుండానే ఊట పెరుగుతుంటే అది ప్రమాద సూచన. నీరు మట్టిరంగులో వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకుపోతున్నదని అర్థం, కాబట్టి ఆలస్యం చేయక నీటిపారుదల శాఖకు తెలపాలి. చాలామంది కంగారులో ఆ రంధ్రాన్ని బంకమట్టితో మూసేస్తారు. లోపలి ఒత్తిడి తగ్గనందువల్ల నీరు పక్కనుంచి మరో దారి చేసుకుంటుంది. దానికి బదులు ఇసుక, దానిపై కంకర, ఆపైన రాళ్లు పొరలుగా పరిస్తే నీరు బయటకు పోతుంది, మట్టి నిలుస్తుంది. తూము గోడలను ఆనుకొని ఉన్న మట్టిలోనే ఊట తరచుగా దారి చేసుకుంటుంది కనుక అక్కడ మరింత నిదానంగా చూడాలి.

నీరు తగ్గాక లోపలి వైపు జారిన రాతి పేర్పును, ఎలుకల బొరియలను, కట్టపై చెట్లను పరిశీలించండి. పెద్ద చెట్టును నరికి వేళ్లను అలాగే వదిలేస్తే, అవి కుళ్లిన చోట నీటికి దారి ఏర్పడుతుంది. బొరియను అడుగుదాకా తవ్వి, తడిపిన మట్టిని జానెడుకు మించని పొరలుగా వేసి, ప్రతి పొరనూ దిమ్మిసతో గట్టిగా కొట్టాలి.

చివరగా అలుగు. తెలంగాణలో మత్తడి అని పిలిచే ఈ కట్టడం మీదుగానే మిగులు నీరు పోతుంది కనుక, దాని ముందు పెరిగిన పొదలను వానలకు ముందే తొలగించాలి. కట్టపై అన్నిటికంటే పల్లంగా ఉన్న చోటును అలుగు మట్టంతో పోల్చి కొలవండి. ఆ ఎత్తు తగ్గి ఉంటే వరద అలుగు మీదుగా కాక కట్ట మీదుగా పొర్లి గండి కొడుతుంది. మరో కారు పంటకు నీళ్లు మిగులుతాయన్న ఆశతో అలుగుపై ఇసుక బస్తాలు పేర్చడం ఏ ఊరిలోనూ జరగకూడదు.