పిల్లలకు ఇంగ్లీషు డిటర్మినర్లు నేర్పడం ఎలా?

'ఐ సా డాగ్', 'దిస్ బుక్స్', 'మై దిస్ పెన్'. చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు ఇవి బాగా అలవాటైన మాటలు. వీటిలో పెద్ద పదాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. తేడా వచ్చిందల్లా నామవాచకం ముందు ఉండే చిన్న మాట దగ్గరే. ఏది, ఎవరిది, ఎన్ని అని చెప్పే ఈ చిన్న మాటలే డిటర్మినర్లు. ఎ, యాన్, ది. దిస్, దట్, దీజ్, దోజ్. మై, యువర్, హిజ్, హర్. సమ్, ఎనీ, మెనీ, ఎవ్రీ. వన్, టూ లాంటి సంఖ్యలు కూడా ఇందులోకే వస్తాయి.

దయచేసి ఈ జాబితాను బోర్డు మీద రాసి బట్టీ పట్టించకండి. నిర్వచనం అప్పజెప్పిన పిల్లలే మరుక్షణం 'ఐ సా డాగ్' అంటారు. ముందు ఆ మాటతో వాళ్ళకు అవసరం పడాలి.

1. వస్తువులతో మొదలుపెట్టండి

బల్ల మీద రంగు రంగుల పెన్సిళ్ళు పెట్టండి. వాటిలో ఎర్రది ఒక్కటే ఉండాలి. ఒక పాపను పిలిచి 'గివ్ మీ ఎ పెన్సిల్' అనండి. ఏదో ఒకటి తీసి ఇస్తుంది. 'గివ్ మీ ది రెడ్ పెన్సిల్' అంటే చెయ్యి నేరుగా ఆ ఎర్రదాని మీదికే వెళ్ళాలి. 'గివ్ మీ యువర్ పెన్సిల్' అంటే బల్ల వదిలేసి తన సంచీ వెతుక్కోవాలి. 'గివ్ మీ టూ పెన్సిల్స్' అంటే రెండు తీయాలి. అడుగుతున్నది ప్రతిసారీ పెన్సిలే. ముందున్న చిన్న మాట మారినప్పుడల్లా చెయ్యి వేరే చోటికి వెళ్తోంది. ఇది పిల్లలు కళ్ళారా చూస్తే సగం పాఠం అయిపోయినట్టే. తర్వాత వాళ్ళనే ఆజ్ఞలు ఇవ్వమనండి.

2. ఎ, యాన్, ది: తొందరపడొద్దు

తెలుగులో 'ది'కి సరిసమానమైన మాట లేదు. అందుకే అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే పడుతుంది. రెండు వాక్యాల కథలు చెప్పండి: 'ఐ సా ఎ క్యాట్. ది క్యాట్ వాజ్ బ్లాక్.' మొదటిసారి వచ్చినప్పుడు అది ఏదో ఒక పిల్లి. రెండోసారికి అది ఏ పిల్లో మనిద్దరికీ తెలుసు. పిల్లలు బొమ్మ గీస్తూ ఇలాంటి జంట వాక్యాలు చెబితే ఇంకా బాగా పడుతుంది.

లెక్కపెట్టగలిగే వస్తువు ఒక్కటే ఉన్నప్పుడు ఆ పదాన్ని ఒంటరిగా వదలకూడదు, ముందు ఏదో ఒక డిటర్మినర్ ఉండాలి. ఒకే ఒక్క సూత్రం చెప్పే వీలుంటే నేను ఇదే చెబుతాను. 'ఐ సా డాగ్' లాంటి తప్పులు చాలావరకు దీంతోనే పోతాయి.

ఎ, యాన్ మధ్య ఎంపిక చెవితో చేయాలి, అక్షరంతో కాదు. 'యాన్ అవర్', 'ఎ యూనిఫామ్', 'యాన్ ఎక్స్‌రే' అని గట్టిగా పలికించండి. స్పెల్లింగ్ తర్వాత చూపించండి. వినాల్సింది వెంటనే వచ్చే పదాన్ని: 'యాన్ ఎగ్', కానీ 'ఎ బాయిల్డ్ ఎగ్'.

3. దిస్, దీజ్

మనం 'ఈ పుస్తకం' అన్నా, 'ఈ పుస్తకాలు' అన్నా 'ఈ' మారదు. 'దిస్ బుక్స్' అక్కడి నుంచే వస్తోంది. దగ్గర ఒక పుస్తకం, కొన్ని పుస్తకాలు, దూరంగా కూడా అలాగే పెట్టి, వేలితో చూపిస్తూ నాలుగు మాటలూ అనిపించండి. ఒక పిల్లవాడు దూరంగా ఉన్నవాటి దగ్గరికి నడిచి వెళ్తే, అతని నోట 'దోజ్' కాస్తా 'దీజ్' అయిపోతుంది. పిల్లలకు ఈ ఆట భలే నచ్చుతుంది.

4. ముందు సీటు ఒక్కటే

తెలుగులో 'నా ఈ పెన్ను' అనొచ్చు. ఇంగ్లీషులో 'మై దిస్ పెన్' కుదరదు. ఎ, ది, దిస్, మై లాంటివాటికి బస్సులో ముందు సీటులాగా ఉన్నది ఒక్క చోటే. ఒకటి కూర్చుంటే ఇంకోదానికి జాగా లేదు. బిగ్, రెడ్, బాల్ అని అట్టముక్కల మీద రాసి ముగ్గురు పిల్లలకిచ్చి వరుసగా నిలబెట్టండి. ముందు చోటు ఖాళీగా ఉంచండి. 'మై' పట్టుకున్న పాప వచ్చి నిలబడితే వరుస కుదురుతుంది. వెనకే 'ది' వస్తే, ఇద్దరిలో ఎవరు ఉండాలో తరగతి తేల్చాలి. 'మై టూ పెన్స్', 'ఆల్ మై బుక్స్' సంగతేమిటని ఎవరైనా అడిగితే మెచ్చుకోండి. సంఖ్యలకు ఆ సీటు వెనక, 'ఆల్'కు దాని ముందు చోటుందని చెబితే సరిపోతుంది.

5. మెనీ, మచ్

నీళ్ళు, పాలు తెలుగులో బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్ లెక్కకు రావు. అందుకే పిల్లలు 'మెనీ వాటర్' అంటారు. గ్లాసులను లెక్కపెట్టించండి, తర్వాత అందులోని నీళ్ళను లెక్కపెట్టమనండి. కుదరదని వాళ్ళే చెబుతారు. గ్లాసులకు మెనీ, నీళ్ళకు మచ్.

6. పేరు చివర్లో

ఇదంతా వాడుకలోకి వచ్చాకే 'వీటిని డిటర్మినర్లంటారు' అని చెప్పండి. ఇంగ్లండ్‌లో 2014 నుంచి అమలవుతున్న జాతీయ పాఠ్యప్రణాళికలో కూడా ఎ, యాన్ వాడకం ముందు వస్తుంది, డిటర్మినర్ అనే పేరు ఆ తర్వాతి ఏడాది, 8-9 ఏళ్ళ పిల్లల తరగతిలో వస్తుంది.

తప్పు దొర్లినప్పుడు మాట మధ్యలో ఆపితే పిల్లలకు టెన్షన్ పెరిగి, అసలు మాట్లాడటమే మానేస్తారు. 'ఐ సా డాగ్' అంటే, 'ఓ, యు సా ఎ డాగ్? వేర్ వాజ్ ది డాగ్?' అని మామూలుగా అడగండి. సరైన రూపం చెవిన పడుతుంది, కబురూ ఆగదు.

కొన్నాళ్ళకు పిల్లలు ప్రతిదాని ముందూ 'ది' తగిలించడం మొదలుపెడతారు: 'ఐ లైక్ ది మిల్క్', 'ది మై స్కూల్'. కంగారు పడకండి, అది నేర్చుకుంటున్న లక్షణమే. అప్పుడు ఒక చిన్న పేరా నుంచి డిటర్మినర్లన్నీ తీసేసి, ఖాళీలు చూపించకుండా ఇవ్వండి. ఎక్కడ ఏది పెట్టాలో, ఎక్కడ ఏదీ అక్కర్లేదో వాళ్ళే తేల్చాలి. ఒకరు 'ఎ' అని, ఇంకొకరు 'ది' అని పెడితే వెంటనే కొట్టేయకుండా, ఎందుకలా పెట్టావని ఇద్దరినీ అడగండి. చాలాసార్లు రెండూ సరైనవే అవుతాయి, అర్థమే మారుతుంది.