దసరా సేల్‌కు సరుకు దింపే ముందు: బ్రాండ్ అప్రూవల్ జాగ్రత్తలు

దసరా, దీపావళి సేల్ దగ్గరపడితే చిన్న సెల్లర్లకు ఒకటే ఆశ: పేరున్న బ్రాండ్ పెడితే దానంతటదే అమ్ముడుపోతుందని. నిజంగానే పోతుంది. కానీ అమెజాన్‌లో చాలా బ్రాండ్లు గేటెడ్, అంటే అమెజాన్ అప్రూవల్ రానిదే వాటి లిస్టింగ్ పడదు. అప్పు చేసి సరుకు తెచ్చి, ఆ తర్వాత అప్రూవల్ కోసం తిరిగేవాళ్లను ఏటా చూస్తున్నాను. ఆ టెన్షన్ మీకు వద్దు.

హైదరాబాద్ బేగం బజార్ లాంటి హోల్‌సేల్ మార్కెట్‌కు బయల్దేరే ముందు సెల్లర్ సెంట్రల్‌లో (అమెజాన్ సెల్లర్ల సైట్) మీరు అమ్మబోయే ప్రాడక్ట్‌నే వెతకండి. బ్రాండ్ పేరు ఒక్కటే చూస్తే చాలదు, ఒకే బ్రాండ్‌లో ఒకటి తెరిచి ఉంటుంది, ఇంకొకటి ఉండదు. 'అప్లై టు సెల్' అని వస్తే నొక్కి, ఏం అడుగుతున్నారో చదవండి. కొన్నింటికి డిస్ట్రిబ్యూటర్ బిల్లు సరిపోతుంది. బ్రాండ్ ఓనర్ ఇచ్చే ఆథరైజేషన్ లెటరే కావాలంటే, అది మీ చేతిలో లేకపోతే ఈ సీజన్‌కు ఆ బ్రాండ్ వదిలేయండి.

అప్రూవల్ ఎక్కువగా ఆగేది బిల్లు దగ్గరే. షాపులో ఇచ్చే రిటైల్ బిల్లు, ప్రొఫార్మా (అమ్మకానికి ముందు ఇచ్చే అంచనా బిల్లు), డెలివరీ చలానా పనికిరావు. తయారీదారు లేదా డిస్ట్రిబ్యూటర్ ఇచ్చిన జీఎస్టీ ఇన్‌వాయిస్ కావాలి. సాధారణంగా గత 180 రోజుల్లోపుది, చాలాసార్లు కనీసం 10 పీసులు కొన్నది అడుగుతారు. మీ స్క్రీన్ మీద ఎంత రాసి ఉంటే అంతే లెక్క.

బిల్లు మీద మీ పేరు, అడ్రస్ అక్షరం పొల్లుపోకుండా సెల్లర్ అకౌంట్‌తో కలవాలి. రెండేళ్ల క్రితం నాకు జరిగింది ఇదే. నా జీఎస్టీ సర్టిఫికెట్‌లో 'ట్రేడర్స్' అని ఉంటే, హోల్‌సేల్ షాపులో 'ఎంటర్‌ప్రైజెస్' అని బిల్లు కొట్టారు. రిజెక్ట్ అయింది. మార్చి ఇవ్వమంటే "రద్దీ తగ్గాక చూద్దాం అన్నా" అన్నారు. సరైన బిల్లు చేతికొచ్చేసరికి దీపావళి వెళ్లిపోయింది. పెట్టెలు సంక్రాంతి దాకా మా హాల్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి కౌంటర్ దగ్గరే నిలబడి బిల్లు మొత్తం చదివాకే డబ్బు కడుతున్నాను.

సప్లయర్ జీఎస్టీ నంబర్ కూడా అక్కడే చూడండి. 15 అక్షరాలుంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్: తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. తర్వాతి పది పాన్. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందో రద్దయిందో, బిల్లు మీది పేరే ఉందో లేదో ఫోన్‌లోనే కనిపిస్తుంది. ఆయన రిటర్న్ వేస్తే ఆ బిల్లు తర్వాతి నెల 14న మీ జీఎస్టీఆర్-2బీలో (మీ కొనుగోలు బిల్లులు చూపే జీఎస్టీ పోర్టల్ స్టేట్‌మెంట్) కనబడుతుంది. అమెజాన్ నుంచి వెరిఫికేషన్ ఫోన్ రావచ్చని సప్లయర్‌కు ముందే చెప్పి ఉంచండి.

స్కాన్ చేసేటప్పుడు నాలుగు మూలలూ కనబడాలి. ధరలు దాచవచ్చని అమెజాన్ వాళ్లే రాస్తే తప్ప బిల్లు మీద పెన్ను పెట్టకండి. తేదీ దిద్దడం, క్వాంటిటీ మార్చడం అసలే వద్దు.

వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో 'అన్‌గేటింగ్ బిల్లులు' (అప్రూవల్ కోసం చూపే దొంగ బిల్లులు) అమ్ముతామనేవాళ్ల జోలికి పోవద్దని చేతులెత్తి చెబుతున్నాను. సరుకు లేకుండా బిల్లు ఇవ్వడం జీఎస్టీ చట్టం ప్రకారం నేరం. దొరికితే అకౌంట్ సస్పెండ్ అవుతుంది, రావలసిన పేమెంట్ ఆగుతుంది. అలాగే డూప్లికేట్ సరుకు. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 కింద తప్పుడు బ్రాండ్ సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మార్కెట్ రేటు కన్నా మరీ చవగ్గా ఇస్తున్నారంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి.

బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. తినేవాటికి 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, దిగుమతి సరుకుకు ఇంపోర్టర్ పేరు, అడ్రస్ లేబుల్ మీద ఉండాలి.

రిజెక్ట్ అయితే అవే కాగితాలు మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేయకండి. కారణం చదివి, అది సరిచేశాకే పంపండి. ఇంట్లోవాళ్ల పేరుతో ఇంకో అకౌంట్ తెరిస్తే రెండూ మూసుకుపోయే ప్రమాదం ఉంది. అప్రూవల్ వచ్చాక మొదట ఇరవై పీసులే పెట్టి చూడండి. ఆ బిల్లులు పారేయకండి. సరుకు అసలుదేనా అని కస్టమర్ ఫిర్యాదు చేసినా, బ్రాండ్ అడిగినా చూపించాల్సింది అవే.