వన్యప్రాణుల జబ్బులు – 3వ పాఠం: గుండ్రం గీసి బాణాలు పెట్టడం

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. వేటాడి తెచ్చిన అడవి బాతును కోస్తే ఛాతీ కండరం నిండా బియ్యపు గింజల్లాంటివి కనిపించాయి. ఇంకోచోట దారి పక్కన నక్క మలం ఎండిపోయి ఉంది, అందులో పురుగూ లేదు, పుట్రా లేదు. మనిషికి ఏది ప్రమాదం?

జవాబు: నక్క మలం. బాతులో ఉన్నవి సార్కోసిస్టిస్ రైలీ అనే ఏకకణ జీవి తిత్తులు. చూస్తే కడుపులో తిప్పుతుంది. కానీ ఆ జీవికి కావలసింది బాతు, ఆ బాతును తినే స్కంక్, నక్క లాంటి జంతువు. మనిషితో దానికి పని లేదు. నక్క మలంలో మాత్రం బద్దెపురుగు గుడ్లు ఉండవచ్చు. ఒక్కో గుడ్డు మిల్లీమీటరులో దాదాపు 30వ వంతు, కంటికి ఆనదు.

అసహ్యంగా కనిపించేదే ప్రమాదమని కన్ను చెబుతుంది. కన్ను మాట పక్కన పెట్టి, కాగితం మీద తేల్చుకోవడం ఎలాగో ఇవాళ చూద్దాం.

ఒక గుండ్రం గీయండి. ఇది పరాన్నజీవి, అంటే ఇంకో జీవి ఒంట్లో బతికే జీవి, బతుకు చక్రం. అందంగా రానక్కర్లేదు. పురుగు పెద్దదై గుడ్లు పెట్టే జంతువును పైన రాయండి, లార్వా పెరిగే జంతువును కింద రాయండి. పైనుంచి కిందికి ఒక బాణం, కిందినుంచి పైకి ఒక బాణం. జంతువుల పేర్లు రాసి ఆగిపోతే గీసిన లాభం లేదు. అసలు పని బాణాల దగ్గరే ఉంది. ఒక్కో బాణం పక్కన మూడు సంగతులు రాయాలి: పరాన్నజీవి ఏ దశలో బయటపడుతోంది, ఏ దారిన లోపలికి పోతోంది, మధ్యలో బయట ఎన్నాళ్లు బతుకుతుంది. అప్పుడు మన చెయ్యి, నోరు, చర్మం ఏ బాణానికి అడ్డం వస్తున్నాయో వెతకండి.

ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్‌తో మొదలుపెడదాం. ఇది సెంటీమీటరు కూడా లేని బద్దెపురుగు. తోడేలు, కుక్క పేగుల్లో ఉంటుంది. కాబట్టి పైన తోడేలు. గుడ్లు మలంతో పడి గడ్డికి అంటుకుంటాయి, ఆ గడ్డిని జింకో గొర్రో మేస్తుంది. కాబట్టి కింద జింక. దాని కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన తిత్తులు పెరుగుతాయి. వాటినే హైడాటిడ్ తిత్తులు అంటారు. తోడేలు ఆ కాలేయాన్ని తింటే తిత్తి లోపలున్న చిన్న చిన్న తలల్లో ఒక్కోటీ ఒక పురుగు కాగలదు.

కిందికి పోయే బాణం మీద రాయండి: గుడ్డు, నోటి దారి, చల్లని తేమ నేలలో నెలల తరబడి. పైకి పోయే బాణం మీద: తిత్తి, పచ్చి మాంసం దారి. ఇప్పుడు మనిషి ఎక్కడ? కిందికి పోయే బాణం దగ్గర, జింక నిలబడ్డ చోటే. కుక్క వెంట్రుకలకు అంటిన గుడ్డు చేతికి, చేతినుంచి నోటికి వస్తుంది. తిత్తి మన కాలేయంలో ఏళ్లపాటు చడీచప్పుడూ లేకుండా పెరుగుతుంది.

బొమ్మ ఇంకో సంగతి కూడా చెబుతోంది. జింకను కోసినప్పుడు కాలేయంలో కనిపించే తిత్తి, అంత భయంకరంగా ఉన్నా, మనకు నేరుగా జబ్బు అంటించదు. ఎందుకంటే దాని బాణం తోడేలు వైపు పోతోంది, మన వైపు కాదు. “ఇది పనికిరాదు” అని ఆ ముక్కను కుక్క ముందు పడేస్తే మాత్రం వారాల్లో ఆ కుక్క గుడ్లు విసర్జించడం మొదలవుతుంది. ప్రమాదం అలా ఇంట్లోకి నడిచి వస్తుంది. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలో ఈ జబ్బు విపరీతంగా ఉండేది. కుక్కలకు పచ్చి కాలేయం, పేగులు దొరకకుండా చూడాలని జనానికి చెప్పారు, కుక్కల మీద కట్టుబాట్లు పెట్టారు, క్రమంగా జబ్బు మాయమైంది. గుండ్రంలో ఒక్క బాణం తెగితే చాలు.

‘ఎన్నాళ్లు’ అన్న మూడో సంగతిని చాలామంది ఖాళీగా వదిలేస్తారు. రాకూన్ అనే ఉత్తర అమెరికా అడవి జంతువు పేగుల్లో ఉండే ఏలికపాము, బేలిసాస్కారిస్, విషయంలో అదే కీలకం. ఎకైనోకాకస్ గుడ్డు బయటపడ్డ క్షణం నుంచే అంటుకోగలదు. బేలిసాస్కారిస్ గుడ్డు ఆ స్థితికి రావడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే తాజా మలాన్ని వెంటనే తీసేస్తే గండం గడిచినట్టే. ఎండి మట్టిలో కలిసిపోయి, శుభ్రంగా కనిపించే పాత చోటే ప్రమాదం. గుడ్లు అక్కడ ఏళ్ల తరబడి ఉంటాయి. బ్లీచింగ్‌కు చావవు, మరిగే నీళ్లకు చస్తాయి. ఎలుక ఆ గుడ్లు మింగితే లార్వాలు మెదడుకు చేరి దాన్ని తికమక పెడతాయి, రాకూన్‌కు తేలిగ్గా దొరికేలా చేస్తాయి. మనిషి మెదడుకు చేరినా అలాగే తొలుస్తాయి. కాకపోతే మనిషిని తినే రాకూన్ ఉండదు గనక పురుగు కథ అక్కడితో సరి. మనకు మాత్రం ప్రాణం మీదికి వస్తుంది.

కండరాల్లో దాక్కునే ట్రైకినెల్లా అనే పురుగు సంగతి చిన్నది. బయట బతికే దశే లేదు, మాంసంలోంచి మాంసంలోకి పోవడమే. కాబట్టి ఎలుగు, అడవిపంది మాంసాన్ని లోపలిదాకా 71 డిగ్రీల సెల్సియస్‌కు ఉడికించాలి. ఫ్రీజర్‌ను నమ్ముకోవద్దు. ఉత్తర ధ్రువ ప్రాంతపు ఎలుగుల్లో ఉండే రకం గడ్డకట్టినా బతుకుతుంది.

పిడుదుల దగ్గరికి వస్తే రెండు రంగుల పెన్నులు కావాలి. పిడుదు కాటుతో అంటే బాక్టీరియా జబ్బు, లైమ్ జబ్బునే తీసుకోండి. ఉత్తర అమెరికా తూర్పు భాగంలో పెద్ద పిడుదులకు రక్తం పోసి పోషించేది జింక. పిల్ల పిడుదులకు బాక్టీరియా ఎక్కించేది ముఖ్యంగా తెల్లకాళ్ల ఎలుక. జింక ఒంట్లో ఆ బాక్టీరియా నిలవదు. పోషించే బాణం ఒక రంగులో, జబ్బు బాణం మరో రంగులో గీయకపోతే, జింకల మందను చూసి ఒకలా, ఎలుకలను చూసి ఇంకోలా పొరపడతాం.

బాణాలన్నీ అడవినుంచి మన వైపే గీయకండి. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి మైదానాల్లో కుక్కల డిస్టెంపర్ వైరస్ సింహాలకు సోకి, దాదాపు మూడో వంతు సింహాలు చచ్చిపోయాయి. ఆ వైరస్ చుట్టుపక్కల పెంపుడు కుక్కల నుంచి వచ్చిందని తేలింది. వైరస్‌కు గుడ్లూ లార్వాలూ ఉండవు, అయినా బాణం పక్కన రాయాల్సిన మూడు సంగతులు అవే.

ఇక మీ వంతు. టాక్సోప్లాస్మా అనే ఏకకణ పరాన్నజీవి గుండ్రం గీయండి. వివరాలివి: మలంలో దీని ఊసిస్టులు (గుడ్ల లాంటి దశ) విసర్జించేది పిల్లి జాతి జంతువులే. అవి అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. ఎలుకలు, పక్షులు, జింకల కండరాల్లో తిత్తులుంటాయి. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కలు దీనితో చచ్చిపోయాయి, కానీ అవి ఎలుకలను తినవు, గుల్లలూ నత్తలూ తింటాయి. బాణం సముద్రంలోకి ఎలా చేరింది? మనిషి ఎన్ని బాణాలకు అడ్డం వస్తున్నాడు? పిల్లి మలపు పెట్టెను రోజూ ఖాళీ చేయాలని ఎందుకంటారు? జవాబులు 4వ పాఠం మొదట్లో.