అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని పెనైన్ వే మీద ఒక రోజు నడక

ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్ల ఇళ్లకి వేసవిలో అమ్మానాన్నలు వస్తారు, లండన్ చూపిస్తాం, గుడికి తీసుకెళ్తాం, ఆ తర్వాత ఏం చూపించాలో తోచదు. మాంచెస్టర్, షెఫీల్డ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ఒక రోజు కొండ ఎక్కించండి. పెనైన్ వే అనే కాలిదారి ఈడేల్ అనే చిన్న ఊళ్లో మొదలై స్కాట్లండ్ సరిహద్దు దాటి కిర్క్ యెథమ్ దాకా 431 కిలోమీటర్లు వెళ్తుంది. మొత్తం నడిచేవాళ్లకి రెండు మూడు వారాలు పడుతుంది. మనకి కావాల్సింది మొదటి ఆరేడు కిలోమీటర్లే, కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి.

కారు లేకపోయినా ఇబ్బంది లేదు. మాంచెస్టర్ పికడిల్లీ నుంచి ముప్పావుగంటలో, షెఫీల్డ్ నుంచి అరగంటకి కాస్త అటూ ఇటూగా రైలు మిమ్మల్ని ఈడేల్‌లో దింపేస్తుంది. తిరుగు రైళ్ల టైములు మాత్రం ముందు రోజే చూసి కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే కొండ మీద చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. మ్యాప్ కూడా ఫోన్లో డౌన్‌లోడ్ చేసుకోవడంతో సరిపెట్టకుండా బ్రిటన్ మ్యాపులు వేసే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల డార్క్ పీక్ మ్యాప్, నంబరు ఓఎల్1, కాగితంది ఒకటి కొనండి.

నడక ఎంతసేపు పడుతుందన్నదే అసలు లెక్క. నేస్మిత్ అనే స్కాట్లండ్ ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు, 5 కిలోమీటర్లకి ఒక గంట, పైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకి ఇంకో గంట. ఈడేల్ నుంచి కొండెక్కి పీఠభూమి అంచు మీదుగా చుట్టి వచ్చే దారి 13 కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కేది 400 మీటర్ల దాకా, అంటే ఆ లెక్కన మూడుంపావు గంటలు. అది గట్టిగా నడిచే ఒంటరి మనిషికి. అరవై దాటిన అమ్మ, ఎనిమిదేళ్ల పిల్లాడు ఉంటే దాన్ని రెట్టింపు చేయండి, తిండికి, ఫొటోలకి ఇంకో గంట కలపండి. పొద్దున తొమ్మిదిన్నరకి బయల్దేరితే సాయంత్రం ఐదు అవుతుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కాబట్టి టెన్షన్ లేదు, అదే డిసెంబర్‌లో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. పెద్దవాళ్లతో అయితే మే నుంచి సెప్టెంబర్ లోపే పెట్టుకోండి.

బట్టల విషయంలో మనవాళ్లు చేసే తప్పు కాటన్, జీన్స్. తడిస్తే ఆరవు, గాలికి ఒళ్లు వణికిపోతుంది. పాలిస్టర్ టీషర్టు, దాని మీద ఫ్లీసు, పైన నీళ్లు ఆగే జాకెట్, ఎండ కాస్తున్నా సరే ప్రతి ఒక్కరికీ ఇవి ఉండాలి. అమ్మకి చీర వద్దని ముందే నచ్చజెప్పండి, సల్వార్ లేదా ట్రాక్ ప్యాంటు, కాలికి పట్టున్న బూట్లు. కొత్త బూట్లైతే వారం ముందు నుంచి వీధిలో వేసుకుని తిరగమనండి. రెండు చేతికర్రలు ఉంటే దిగేటప్పుడు మోకాళ్లకి ఎంత ఆసరానో మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

తిండికి పులిహోరని మించింది లేదు, చల్లారినా బాగుంటుంది. పెరుగన్నం ఆ చలిగాలిలో పిల్లలు ముట్టుకోలేదు. మేము ఒక ఫ్లాస్కులో టీ, ఇంకో ఫ్లాస్కులో మిరియాల చారు పట్టుకెళ్తాం. పైన బండరాళ్ల చాటున కూర్చుని ఆ చారు తాగుతుంటే నాన్న ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. అలిపిరి మెట్ల దారిలాగా మధ్యమధ్యలో మజ్జిగ, టిఫిన్లు అమ్మేవాళ్లు కనిపిస్తారని పెద్దవాళ్లు అనుకుంటారు, ఈడేల్ దాటాక పైన ఒక్క కొట్టు కూడా లేదు. మనిషికి లీటరున్నర నీళ్లు, వాళ్ల మాత్రలు బ్యాగులో ఉన్నాయో లేదో మీరే చూసుకోండి.

దారి ఇలా. స్టేషన్ నుంచి ఊళ్లోకి నడిస్తే ఓల్డ్ నాగ్స్ హెడ్ అనే పబ్బు వస్తుంది, పెనైన్ వే మొదలయ్యేది అక్కడే. పచ్చిక పొలాల మీదుగా అప్పర్ బూత్ దాటి ఒక చిన్న రాతి వంతెన దాకా సుమారు 4 కిలోమీటర్లు, పెద్దగా ఎక్కేదేమీ ఉండదు. కర్ర స్తంభాల మీద ఓక్ కాయ గుర్తు కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టే. గేటు మూసి ఉంటే దాటాక మళ్లీ మూయాలి, తెరిచి ఉంటే అలాగే వదిలేయాలి, గొర్రెల్ని పిల్లలు తరమకుండా చూడాలి.

వంతెన దాటగానే జేకబ్స్ ల్యాడర్, నిటారుగా రాతిమెట్లు. 18వ శతాబ్దంలో జేకబ్ మార్షల్ అనే రైతు, సరుకు గుర్రాలు చుట్టుదారిలో మెల్లగా ఎక్కుతుంటే తాను అడ్డంగా ఎక్కేయడానికి ఈ మెట్లు కొట్టుకున్నాడని చెబుతారు. ఆ మెలికల దారి ఇప్పటికీ పక్కనే ఉంది, పెద్దవాళ్లని దాని మీదుగా తీసుకెళ్లండి. పిల్లలు ముందు పరిగెత్తుతారు, వాళ్లతో ఒక పెద్దమనిషి ఉండాలి. మిగతా అందరూ నెమ్మదిగా నడిచే మనిషి వెనకే. ముందు వెళ్లినవాళ్లు ఆగి, వెనకవాళ్లు రాగానే లేచి బయల్దేరడం చాలామంది చేస్తారు, అలా చేస్తే అందరికన్నా అలసినవాళ్లకే విశ్రాంతి దొరకదు. వాళ్లు వచ్చి కూర్చున్నాక ఇంకో పది నిమిషాలు ఆగండి.

పైకెక్కాక ‘కిండర్ లో’ (Kinder Low) అనే చోట 633 మీటర్ల ఎత్తున తెల్లటి సర్వే స్తంభం ఉంటుంది. అక్కడ పిల్లలకి ఒక కథ చెప్పండి. ఒకప్పుడు ఈ కొండంతా జమీందార్ల వేట భూమి, మామూలు మనుషుల్ని రానిచ్చేవాళ్లు కాదు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే కుర్రాడితో కలిసి వందలమంది కార్మికులు కావాలనే ఈ కొండెక్కారు, ఐదుగురు జైలుకెళ్లారు. సరిగ్గా 33 ఏళ్లకి, 1965లో అదే ఏప్రిల్ 24న, పెనైన్ వే అధికారికంగా మొదలైంది. మా నాన్న ఇది విని స్తంభం మీద చెయ్యి పెట్టి చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు.

ఆయన్ని ఇక్కడికి తీసుకురావడం అది రెండోసారి. మొదటిసారి అక్టోబర్‌లో వచ్చాం, ఈడేల్ రాక్స్ దగ్గరికి చేరేసరికి మబ్బు కిందికి దిగి పది అడుగుల అవతల మనిషి కనిపించలేదు. ఒంటిగంటన్నరకి ఎక్కడున్నా వెనక్కే అని ఇంట్లోనే అనుకుని బయల్దేరాం, అప్పుడు టైము ఒకటీ ఇరవై. "ఇంత దూరం వచ్చి దిగిపోతామేంటమ్మా" అన్నారు నాన్న. నేను ఒప్పుకోలేదు, వచ్చిన దారినే జాగ్రత్తగా దిగిపోయాం. వెనక్కి తిరిగే టైము ఇంట్లోనే పెట్టుకోండి, పైన నిలబడి చర్చలు పెట్టుకుంటే ఎప్పుడూ ముందుకే వెళ్లాలనిపిస్తుంది.

వాతావరణం బాగుంటే వూల్‌ప్యాక్స్ అనే వింత ఆకారాల రాళ్ల మీదుగా క్రౌడెన్ టవర్ అనే రాళ్ల గుట్ట, ‘గ్రిండ్స్‌లో నాల్’ (Grindslow Knoll) అనే శిఖరం దాటి ఈడేల్‌కి దిగొచ్చు. ఆ చివరి దిగుడు బాగా వాలు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లని మాత్రం జేకబ్స్ ల్యాడర్ మీదుగానే వెనక్కి తీసుకురండి. గ్రిండ్స్‌బ్రూక్ లోయలోంచి దిగే దారి అంతా బండరాళ్లు, పెద్దవాళ్లతో దాని జోలికి వెళ్లొద్దు. పీఠభూమి మధ్యలోకి కూడా వెళ్లకండి, నల్లటి పీట్ (కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల) బురదలో కాలు మోకాలి దాకా దిగుతుంది, దారి తప్పుతారు.

ఎవరైనా పడితే 999కి ఫోన్ చేసి పోలీసు, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగండి. వాళ్లు వాలంటీర్లు, డబ్బులు తీసుకోరు. సిగ్నల్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు ఈల ఊది, ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి. పిల్లల మెడలో ఒక్కో ఈల వేసి ఇది ముందే నేర్పండి, ఆటకి ఊదకూడదని కూడా.

ఇంకొకటి, నారింజ తొక్కతో సహా చెత్తంతా బ్యాగులో వెనక్కి తేవాలి. ఎండాకాలం ఆ పీట్ నేల అంటుకుంటే రోజుల తరబడి లోపల్లోపలే కాలుతుంది, అందుకే పైన పొయ్యి, అగ్గిపుల్ల వద్దు. స్టేషన్ దగ్గర కారు పార్కింగులో టాయిలెట్లు ఉన్నాయి. అందరికీ ఒక జత పొడి సాక్సులు విడిగా కవర్లో పెట్టుకుని వెళ్లండి, రైలు వచ్చేలోపు మార్చుకోవచ్చు.