మూడు దశాబ్దాల తరువాత హాజరు పట్టీ మళ్ళీ తెరవడం ఎలా

కళాశాల వదిలి ముప్పై ఏళ్లు దాటిన సహాధ్యాయులను ఒకచోట చేర్చాలనుకునేవారు సాధారణంగా వాట్సాప్ గ్రూపుతో మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. మొదటి వారమంతా పండుగలా గడిచింది. ఒకరి వెనుక ఒకరు చేరుతూ, పాత మారుపేర్లు గుర్తు చేసుకుంటూ, రోజుకు మూడు వందల సందేశాలు పంపుకున్నాం. ఆరు నెలలు తిరిగేసరికి శుభోదయం బొమ్మలు, ఎక్కడినుంచో వచ్చిన ఆరోగ్య చిట్కాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు తప్ప అందులో ఏమీ మిగలలేదు. అరవై మందిమి ఒకే గ్రూపులో ఉండి కూడా, మాలో ఒకరు ఉద్యోగం పోయి ఏడాదిగా ఇంట్లోనే ఉన్నారన్న సంగతి ఎవరికీ తెలియలేదు. గ్రూపు నడవడం వేరు, ఒకరి క్షేమ సమాచారాలు ఒకరికి తెలియడం వేరు. ఈ రెండోదానికి కావలసినవి రెండే: ఎవరో ఒకరు శ్రద్ధగా నిర్వహించే పట్టీ, ఏడాదికొకసారి ప్రతి ఒక్కరూ రాసే ఉత్తరం.

పట్టీ తయారు చేయడం

జ్ఞాపకం మీద ఆధారపడి పేర్లు రాస్తే మన బెంచీలో కూర్చున్నవారి పేర్లే ముందుకు వస్తాయి. అందువల్ల రోల్ నంబర్ల వరుసతో ప్రారంభించాలి. అది దొరకకపోతే చివరి సంవత్సరం తీయించుకున్న గ్రూపు ఫోటోను ముందు పెట్టుకుని, వరుసలవారీగా ఎడమనుంచి కుడికి రాసుకుంటూ పోవాలి. మా ఫోటో వెనుక ఎవరో పెన్సిలుతో పేర్లు రాసి ఉంచారు. మూడో వరుసలో ఐదో పేరు చెరిగిపోయి మొదటి అక్షరం మాత్రమే మిగిలింది. ఆ ఒక్క అక్షరం పట్టుకుని నలుగురికి ఫోన్ చేస్తే గాని మనిషి ఎవరో తేలలేదు. ఫోటో తీసిన రోజు రానివారు, చదువు మధ్యలో మానేసినవారు, ఒక ఏడాది వెనకబడి తరువాతి బ్యాచ్‌తో పరీక్ష రాసినవారు ఆ ఫోటోలో కనిపించరు. వారిని విడిగా గుర్తు చేసుకుని చేర్చాలి. పిలుపు అందితే అందరికంటే ఎక్కువ సంతోషించేది వారేనని నా అనుభవం.

పట్టీలో అప్పటి పేరు, ఇప్పటి పేరు రెండూ ఉండాలి. పెళ్లి తరువాత ఇంటిపేరు మార్చుకున్నవారిని పాత పేరుతో ఎంత వెతికినా దొరకరు. ఊరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఎలాగూ ఉంటాయి. నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చేది, చాలామంది పెట్టని గడి ఒకటుంది: ఆ మనిషి నుంచి చివరిసారి కబురు అందిన తేదీ. ఏ పేరు పక్కన ఆ తేదీ రెండేళ్లు పాతబడిందో అక్కడికి మనమే ముందుగా ఫోన్ చేయాలి. వారు ఇష్టపడితే ఇంట్లో మరొకరి నంబరు కూడా రాసుకోవాలి. ఎవరి వివరాలైనా వారి అనుమతి లేకుండా తక్కినవారికి పంచకూడదు.

పట్టీని ఏదో ఒక వెబ్‌సైటుకు అప్పగించి నిశ్చింతగా ఉండటం మంచిది కాదు. ఒకప్పుడు ఎన్నో పాత స్నేహాలను కలిపిన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో ఆగిపోయింది. రెండేళ్లపాటు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించవచ్చని గూగుల్ కూడా నియమం పెట్టింది. కాబట్టి ఇద్దరి దగ్గర రెండు ప్రతులు ఉండాలి, వాటిలో ఒకటి కాగితం మీద ఉండాలి.

మొదటి కబురు

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. నంబరు చేతిలో ఉంటుంది, రాయాలనీ ఉంటుంది, చేయి మాత్రం కదలదు. ఇన్నేళ్లూ పలకరించకుండా ఇప్పుడెందుకు గుర్తొచ్చామని అనుకుంటారేమోనన్న సంకోచం అందరిలోనూ ఉండేదే. 2024లో గిలియన్ శాండ్‌స్ట్రమ్, లారా అక్నిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, పాత స్నేహితుడికి రాయాలన్న కోరిక, చిరునామా, తీరిక మూడూ ఉన్నవారిలో కూడా మూడో వంతుకు మించి సందేశం పంపలేదు. అయితే ముందుగా కొన్ని నిమిషాలపాటు ఇప్పటి మిత్రులకు సందేశాలు రాసి, ఆ ఊపులో పాతవారికి రాయమన్నప్పుడు పంపినవారి సంఖ్య పెరిగింది. ఇది చేసి చూడదగిన ఉపాయం. అనుకోని పలకరింపు అవతలివారికి ఎంత ఆనందమిస్తుందో మనం తక్కువగా అంచనా వేస్తామని పెగ్గీ లియూ అనే పరిశోధకురాలి బృందం 2022లో ప్రయోగాలతో చూపించింది.

మొదటి సందేశంలో మన వివరాలన్నీ కుమ్మరించకూడదు. వారికి మాత్రమే సంబంధించిన ఒక చిన్న గుర్తు, ఒక ప్రశ్న ఉంటే చాలు. నేను పంపిన వాటిలో ఒకటి ఇలా ఉంది: "రికార్డు పుస్తకంలో బొమ్మలు వేయడం రాక ప్రతి గురువారం నీ పుస్తకం తీసుకుపోయిన మనిషిని నేనే. ఆ పుస్తకం ఇవ్వకుండానే కళాశాల వదిలాను. నువ్వు ఎక్కడున్నావు, ఎలా ఉన్నావు? తీరిక ఉన్నప్పుడు రాస్తే చాలు." తీరిక ఉన్నప్పుడు అన్న మాట అనవసరంగా రాసింది కాదు, జవాబు బాకీగా మారితే మనిషి తప్పించుకు తిరుగుతాడు. "గుర్తున్నానా?" అని పరీక్ష పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. ముందు మన పూర్తి పేరు చెప్పుకోవాలి.

నువ్వా, మీరా అన్న సందేహం మన భాషలో తప్పదు. ఏరా, ఏమే అని పిలుచుకున్నవారే ముప్పై ఏళ్ల తరువాత ఫోనులో "బాగున్నారా అండీ" అని మొదలుపెట్టి తమ గొంతు విని తామే నవ్వుకుంటారు. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, చివరిసారి మాట్లాడినప్పుడు ఏమని పిలిచానో అక్కడినుంచే ఎత్తుకోవడం, వారు మీరు అంటే మాత్రం వెంటనే మీరులోకి మారిపోవడం. వారి జీవిత భాగస్వామి, పిల్లలు వినేచోట పాత మారుపేరుతో పిలవకూడదు. మారుపేర్లలో సగం ముద్దుపేర్లు కావని, భరించిన పేర్లని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఒకటి రెండు సందేశాలు నడిచాక ఫోన్ చేయడం మేలు. పాత మిత్రులతో ఫోనులో మాట్లాడటం ఇబ్బందిగా ఉంటుందని ముందుగా భయపడినవారు కూడా, తీరా మాట్లాడాక అంత ఇబ్బంది పడలేదని, ఈమెయిల్ రాసినవారికంటే ఎక్కువ దగ్గరితనం పొందారని అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ అనే పరిశోధకులు 2021లో ప్రచురించిన ప్రయోగాలు చెబుతున్నాయి.

ఏడాదికొక ఉత్తరం

హార్వర్డ్ కళాశాలలో చదివినవారు ప్రతి 5 ఏళ్లకొకసారి తమ సంగతులు తామే రాసి పంపుతారు. వాటన్నిటినీ కలిపి ఆ తరగతి వారికి ఒక పుస్తకంగా అచ్చు వేస్తారు. ఇంకొక పాత పద్ధతి చుట్టు ఉత్తరాలది: ఒక కవరు ఒకరి నుంచి ఇంకొకరికి ప్రయాణిస్తుంది, అందుకున్నవారు అందరి ఉత్తరాలూ చదివి, అందులోని తమ పాత ఉత్తరం తీసేసి, కొత్తది పెట్టి తరువాతివారికి పంపుతారు. తపాలాలో ఇది నెమ్మదైన పని. పదిమంది ఉండి ఒక్కొక్కరూ రెండు వారాలు ఉంచుకుంటే ఒక చుట్టుకే ఇరవై వారాలు పడుతుంది. మేము ఈ రెండింటినీ కలిపి సులువు చేసుకున్నాం: ఏటా ఒకే నెలలో, ప్రతి ఒక్కరూ ఒక పేజీ మించకుండా రాసి పట్టీ నిర్వాహకుడికి పంపుతారు; నిర్వాహకుడు రోల్ నంబర్ల వరుసలో పేర్చి అందరికీ ఒకేసారి పంపుతాడు. హోదాల వరుస కాకుండా రోల్ నంబర్ల వరుస కావడం వల్ల ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న ప్రశ్న రాదు.

మొదటి ఏడాది వచ్చిన ఉత్తరాలు చాలావరకు ఉద్యోగ దరఖాస్తుల్లా ఉన్నాయి: పదవులు, పిల్లల ర్యాంకులు, తిరిగిన దేశాలు. తప్పు రాసినవారిది కాదు. ఏం రాయాలో చెప్పనిది నేను. రెండో ఏడాది మూడు ప్రశ్నలు పంపాను. ఈ ఏడాది ఏ పని మీద ఎక్కువ రోజులు గడిచాయి? ఏది చేయడం మానేశారు? మాలో ఎవరైనా సాయపడగల విషయం ఏమైనా ఉందా? అప్పుడు వచ్చిన ఒక ఉత్తరంలో ఇలా ఉంది: "ఈ ఏడాదంతా అమ్మ పక్కనే గడిచింది. తను నన్ను గుర్తుపట్టడం లేదు, కానీ నేను హాజరు పిలిచినట్టు మన క్లాసు పేర్లు చదువుతుంటే నవ్వుతుంది. అందుకే ఆ పట్టీ ఇంకొక ప్రతి పంపించు." దాని తరువాత వచ్చిన ఉత్తరాల్లో ర్యాంకులు కనిపించలేదు.

రాయడం చేతకానివారు గొంతు రికార్డు చేసి పంపితే, ఎవరో ఒకరు దాన్ని రాసి పెట్టాలి. అందరితోనూ ఒకే స్థాయి సాన్నిహిత్యం ఆశించడం మాత్రం అత్యాశ. మనిషి నిలుపుకోగల సంబంధాలు సుమారు 150 అని, అందులో అత్యంత దగ్గరివారు ఐదుగురేనని మానవ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ ప్రతిపాదించారు. అరవై మందికీ ప్రాణమిత్రులం కాలేము, కానక్కర లేదు కూడా. ఏడాదికొక పేజీ చదివినవారు అవసరం వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకోగలుగుతారు.

గ్రూపు సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, దాన్ని రెండుగా విడదీయాలి: అడ్మిన్లు మాత్రమే రాయగల ప్రకటనల గ్రూపు ఒకటి, కబుర్ల గ్రూపు ఒకటి. రాజకీయాలు, ఫార్వర్డులు రెండింటిలోనూ వద్దు. అప్పు అడిగే సందేశాలు గ్రూపులో అసలు రాకూడదు. అవసరంలో ఉన్నవారి సంగతి, వారి అనుమతితో, ఒక్కొక్కరికీ విడిగా చెప్పాలి.

చెడు కబురు

ఈ వయసులో చెడు కబురు తప్పదు, దాన్ని ఎలా అందించాలో ముందుగానే అనుకుని ఉంచాలి. నేను చేసిన పొరపాటు చెబుతాను. ఫోను గుర్తు చేసిందని ఒకరికి పుట్టినరోజు శుభాకాంక్షలు పంపాను. సాయంత్రం వారి అబ్బాయి జవాబిచ్చాడు: "నాన్నగారు వెళ్లిపోయి పద్నాలుగు నెలలైందండీ. అయినా మీరు తలుచుకున్నందుకు సంతోషం." చివరి కబురు తేదీ గడిని పట్టీలో చేర్చింది ఆ రాత్రే.

మరణవార్త విన్నప్పుడు ముందుగా కుటుంబంలో ఒకరితో మాట్లాడి ధ్రువపరచుకోవాలి, వారు సరేనన్న తరువాతే ప్రకటనల గ్రూపులో పెట్టాలి. జబ్బు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి; అది ఆ మనిషి చెప్పుకోవలసిన విషయం, మనం చెప్పవలసినది కాదు. మరణించినవారి పేరును పట్టీ నుంచి తీసివేయకుండా, రోల్ నంబరుతో సహా అక్కడే ఉంచి తేదీ రాయాలి. వారి గురించి మనకు గుర్తున్న ఒక్కొక్క సంఘటన రాయించి పిల్లలకు పంపితే, తమ తల్లి లేదా తండ్రి ఇరవై ఏళ్ల వయసులో ఎలా ఉండేవారో వారికి తెలుస్తుంది; అది ఆ ఇంట్లో ఎవరికీ తెలియని భాగం.

జవాబివ్వనివారి విషయంలో రెండుసార్లకు మించి అడగకూడదు. వద్దని చెప్పినవారిని అన్ని గ్రూపుల నుంచీ, ఉత్తరాల నుంచీ మర్యాదగా తప్పించాలి. ఏమీ చెప్పక ఊరుకున్నవారికి మాత్రం వార్షిక ఉత్తరాల కట్ట ఏ ప్రశ్నా జోడించకుండా పంపుతూనే ఉండాలి. మూడో వరుసలో ఐదో పేరు గల మనిషికి నేను అలాగే నాలుగేళ్లు పంపాను. ఐదో ఏడు గడువుకు రెండు రోజుల ముందు ఒక పేజీ వచ్చింది, "అన్నీ చదువుతూనే ఉన్నాను" అని మొదలై.